రంపానికి గడప

మీ జేజిని నాకియ్యాల్నా, పులివెందులోళ్ళకియ్యాల్నా అనే మాట ఒకప్పుడు రెండు మూరల ఇనప పట్టీ కాడ ఆగిపోయె. నవ్వద్దు అమ్మీ. ముందు రాయి, తర్వాత నవ్వుదువు. నేను మెల్లగ చెప్తా, నువ్వు మెల్లగ రాయి. నాకు ఉరుకులాడి చెప్పేది చేతగాదు.

రాజధాని కర్నూల్లో ఉండే కాలం అది. ప్రొద్దుటూర్లో త్రివిక్రమరావు సామి రంపం మిషను పెట్టిన కొత్త. తాలూకాఫీసులో గుమాస్తా పని చేసి రిటైరై దిగినాయప్ప. దిగినాక ఇంట్లో ఊరికే కూచోలేక, మద్రాసులో ఎవరో పాత మిషను అమ్ముతాంటే పోయి కొనుక్కొచ్చె. ఎర్రగుంట్ల టేసన్లో దిగితే ఎద్దుల బండి మీద తెచ్చినాం. ఆయిలింజను తిప్పేది రహీం. కట్టె కోసేది నేను. అంతకు ముందు మాను కోయాలంటే గుంత తవ్వి, పైన ఒకడు, గుంతలో ఒకడు నిలబడి పెద్ద రంపం లాగాల్సిందే. గుంతలో ఉండేటోన్ని నేనే. కండ్లల్లో పొట్టు, నోట్లో పొట్టు. మిషను వచ్చినాక పొట్టు తినే పని తప్పిందని మొక్కుకున్నా.

మిషను ఎట్లుంటాదో చెప్పకపోతే నీకు కత తెలీదు. ఇనప బల్ల. బల్ల నడిమిట్లో సన్న సందు. ఆ సందులోంచి గుండ్రటి రంపం సగం పైకి లేచి తిరుగుతాంటాది. దాని పక్కన, బల్ల ఈ కొస నుంచి ఆ కొస దాకా, నిలువుగా ఒక ఇనప పట్టీ. దాన్ని గైడు అంటాం. కట్టెను గైడుకు ఆనించి ముందుకు తోస్తే, గైడుకూ రంపానికీ ఎంత ఎడముంటే అంత వెడల్పు పట్టీ తెగి పడతాది. వెడల్పు మార్చాలంటే గైడును జరుపుకోవాల. ముందర ఒక పిడి, ఎనక ఒక పిడి. బిగిస్తే గైడుకు రెండు కొసల్లో ఉండే కొక్కేలు బల్ల అంచును కరుచుకుంటాయి.

అంతే పని. కానీ ఆ గైడు రంపానికి సమంగా నిలబడాల. ముందర ఎంత ఎడమో ఎనకా అంతే. ఎనక తగ్గిందా, కట్టె పోయి పోయి రంపానికీ గైడుకూ మధ్య ఇరుక్కుంటాది, కమురుతాది. ఒక్కోసారి రంపం దాన్ని పట్టుకొని మన మీదికే ఇసురుతాది. అందుకని రంపం పన్ను ఒకదానికి సుద్దతో గుర్తు పెట్టి, ఆ పన్ను ముందర ఉన్నప్పుడు గైడు దాకా ఎంతుందో కొలవాల. తర్వాత రంపాన్ని చేత్తో తిప్పి, అదే పన్నును ఎనక్కి తెచ్చి మళ్ళీ కొలవాల. వేరే పన్ను కొలిస్తే కుదరదు. రంపం పండ్లు ఒకటి ఇటు, ఒకటి అటు వంగుంటాయి గదా, నా పండ్ల మాదిరి. రెండు కొలతలూ సరిపోతే ముందర పిడి బిగించి, తర్వాత ఎనక పిడి బిగించాల.

ఈ గైడును చూసి జానకమ్మగారు గడప అనుకునె.

జానకమ్మగారు సామి భార్య. మిషను బండి దిగిన పొద్దే పళ్ళెంలో హారతి తెచ్చె. బల్ల చుట్టూ ఒక తూరి తిరిగి చూసి, "పొడుగ్గా ఈ కొసనుంచి ఆ కొసకు ఉంది, ఇదే గదా దీనికి గడప" అనె. ఆయమ్మ మాటకు ఎదురు మాట ఆ ఇంట్లో పుట్టి ఎరగదు. అప్పటి నుంచి శుక్రవారం వచ్చిందంటే మడి కట్టుకొని వచ్చేది. తూర్పు మొకంగా నిలబడాలంటే మిషను ఎనకపక్కకు పోవాల. ఆడ నిలబడి గైడుకు పొడుగునా పసుపు పూసి బొట్లు పెట్టేది. కొసల్లో ఉండే కొక్కేలకు కూడా. వేళ్ళకు మిగిలిందంతా తన ముందర ఉండే ఎనక కొక్కేనికే రాసేది. హారతిచ్చి "ఇంక తిప్పుకోండి" అని పోయేది. మేము చెరొక టెంకాయ ముక్క నోట్లో వేసుకొని ఇంజను తిప్పేవాళ్ళం. నేను కిరస్తానోన్ని, రహీం సాయిబు. టెంకాయకు ఆ తేడా లేదు.

అట్లుండగా జమ్మలమడుగు నుంచి ఆనందయ్య కబురు పెట్టె. ఆస్పత్రిలో కంపౌండరు, చర్చిలో పెద్ద. మీ జేజికి నాయన, మీ నాయనకు తాత. చర్చికి కొత్త బల్లలు చేయించాలని కబురు. నాకేమో ఆయప్ప కూతురు అన్నమ్మ మీద, అదే మీ జేజి మీద, మనసుండె. ఆ సంగతి ఆయప్పకు తెలుసు, మా అమ్మ పోయి అడిగొచ్చి ఉండె. ఆయప్ప అవుననలా, కాదనలా. "ముందు ఒక బల్ల చేసి తెమ్మను. దాని మీద కూచొని ఆలోచన చేస్తా" అన్నాడంట.

బల్ల చేసినా. కాళ్ళు బాగుండాయి, ఆనుకునే చెక్క బాగుండాది. కూచునే చోట మాత్రం సన్న పట్టీలు పక్కపక్కన పేర్చి కొట్టాల. మిషను మీద కోసిన ఆ పట్టీలు ఒక కొస లావు, ఒక కొస సన్నం. తిరగేసి మరగేసి పేర్చినా. పైన చూస్తే బాగనే ఉండె. బస్సు మీద వేసుకొని జమ్మలమడుగు పోయినా.

ఆనందయ్య ఇస్త్రీ పంచెతో వచ్చి, సంఘంలో కూచున్నట్టే నిమ్మళంగా కూచునె. కొంచెం అటు జరిగె. కొంచెం ఇటు జరిగె. బరువుకు పట్టీలు కిందికి వంగి, లేచేతలికి మళ్ళీ దగ్గరికొచ్చి గిల్లినాయి. ఆయప్ప అరవలా, పెద్దమనిషి గదా. మొకం మాత్రం కందిపోయె. పంచె చుంగు బల్లలోనే ఉండిపోయె.

"దేవపాలూ" అనె, ఊపిరి పట్టుకొని.

"ఏం మామా."

"ప్రసంగం ఎంతసేపు జరుగుతాదో ఎరుగుదువు గదా."

"ఎరుగుదును."

"ఈ బల్లలు వేసినామంటే అయ్యగారు వాక్యం తెరిచేలోపలే సంఘమంతా లేచి నిలబడుకుంటాది. భక్తితో కాదు."

నేను వంగి పంచె ఊడదీస్తాంటే ఆయప్ప నా తలకాయ మీద మాట్లాడె. "వచ్చే ఆదివారం ఆరాధన అయినాక పులివెందులోళ్ళు వస్తాండారు, పిల్లను చూసేదానికి. పిల్లోడు టీచరు. ఆ పొద్దుటికి సక్కని బల్ల తెచ్చినావా, నీతో మాట్లాడతా. తేలేదా, వాళ్ళతో మాట్లాడుకుంటా. నాలుగు పట్టీలు సక్కంగ కోయలేనోడు సంసారం ఏం కోస్తాడు."

"సంసారం కోసేదేంది నాయనా" అని లోపల్నుంచి అన్నమ్మ గొంతు.

"నువ్వు ఊరుకో" అనె ఆనందయ్య.

నేను బయటికొచ్చి చెప్పులు వేసుకుంటాంటే, అన్నమ్మ వాకిట్లో చేట పట్టుకొని బియ్యం చెరుగుతా, నా దిక్కు చూడకుండానే చెప్పె. "నాకు పులివెందుల ఎండ పడదు. సక్కంగ కోసుకొని రా."

జమ్మలమడుగు ఎండకూ పులివెందుల ఎండకూ ఏం తేడా ఉందో నాకు తెలీదు. తల మాత్రం ఊపినా.

ప్రొద్దుటూరు వచ్చి మిషను మీద పడినా. రహీం ముందు రంపం మొద్దుబారిందనె. ఆకురాయి పెట్టి పండ్లన్నీ పదును చేసినా. మళ్ళీ వంకరే. నేను, "రహీం భాయ్, నీ ఇంజను అదరతాంది" అన్నా.

"నా ఇంజను అదరదు. నువ్వు అదరతాండావు. పులివెందుల పేరు వింటానే నీకు చేతులు వణుకుతాండాయి."

"నేను వణికితే కట్టె ఎట్లబడితే అట్ల పోవాల గదా. ఎప్పుడూ ఒకే పక్కకు ఎందుకు పోతాంది."

"నీ మనసు జమ్మలమడుగు పక్కకు లాగుతాందేమో."

త్రివిక్రమరావు సామి పడక్కుర్చీలోంచి లేచొచ్చి, నేల వాటంగా ఉందేమో చూడమనె. బల్ల మీద గిన్నెలో నీళ్ళు పెట్టి చూసినాం. నీళ్ళు సమంగా ఉండాయి. సామి ఇంకొంచెంసేపు నీళ్ళ దిక్కు చూసి, "ఆఫీసులో అయితే ఇట్లాంటి దాన్ని పై ఆఫీసుకు రాసేస్తాము" అని మళ్ళీ పోయి కూచునె.

ఇచిత్రమేందంటే, గైడు బిగించకముందు కొలిస్తే ముందరా ఎనకా రెండూ సరిపోతాయి. పెండ్లికొడుకు మాదిరి సక్కంగ నిలబడుకోనుంటాది. పిడి బిగించి కొలిస్తే ఎనక అర నూలు లోపలికి వచ్చుంటాది; అంగుళంలో ఎనిమిదో భాగం నూలంటే. సరే, ముందే అర నూలు ఎనక ఎడం పెట్టి బిగిద్దామని చూసినా. అప్పుడు పావు నూలే జరిగె. ఇంకో తూరి నూలు జరిగె. పోస్టుకార్డు మడిచి కొక్కెం కింద పెట్టినా. అప్పుడు గైడు మొత్తం జారె. దానికి ఒక దారీ తెన్నూ లేదు. మీ చిన్నాయన మాదిరి, ఈ పూట ఉన్నట్టు మాపటికి ఉండదు.

ఆ శుక్రవారం పూజ అయిపోయె. జానకమ్మగారు పోయినాక పచ్చి పసుపు మీదనే గైడు బిగించి ఒక యాప చెక్క తోసినా. సగం దూరం పోయి ఇరుక్కునె. కమురు వాసన. "పక్కకు పోండి" అనేలోపల రంపం ఆ చెక్కను పెరికి ఎనక్కి ఇసిరె. నా నడుము పక్క నుంచి పోయి, రహీం చెవి పక్క నుంచి పోయి, గోడ మేకుకు తగిలించిన రహీం సద్దిగిన్నెకు తగిలె. సంగటి ముద్ద పోయి గోడకు అంటుకునె. గోంగూర నేలపాలు.

రహీం ఇంజను ఆపె. గోడకున్న సంగటిని శానాసేపు చూసె. "దేవపాలూ, ఇంతవరకూ ఇది నీ పెండ్లి సంగతి. ఇంగ నా సంగటి సంగతి కూడా" అని, లుంగీ ఎగగట్టి మిషను ఎనకపక్క గొంతు కూచునె. "నువ్వు ముందర నుంచి ఒక్కొక్కటే చెయ్యి. నేను ఈడ చూస్తా."

గైడు సమం చేసినా. కొలిచినా, సరిపోయె. ముందర పిడి బిగించినా. ఎనకపిడి చెయ్యి చాపి మెల్లగ తిప్పినా.

"ఆగు" అనె రహీం. "ఇంగొంచెం తిప్పు. ఆగు. ఇట్లా రా."

పోయి చూసినా. పిడి తిప్పేకొద్దీ కొక్కెం సందులోంచి పచ్చి పసుపు బయటికి వస్తాంది, పండు పిండితే రసం కారినట్టు. దాని కింద ఎండిన పసుపు. ఎన్ని శుక్రవారాలదో, రంపప్పొట్టు కలిసి రాయి మాదిరి గట్టిపడి, గుట్టగా ఉండాది. ముందర కొక్కేనికి ఆయమ్మ చెయ్యి అందీ అందక పలచగా పూసినందుకు అది మేలు. ఎనక కొక్కెం బల్ల అంచును కరుచుకోలా, పసుపు గుట్టను కరుచుకునింది. బిగిస్తే గుట్ట మీద నుంచి పక్కకు జారతాంది. పచ్చిగా ఉంటే ఒక రకం, ఎండితే ఒక రకం. కండ్ల ముందరే ఉండె ఇన్నాళ్ళూ. పూజ చేసిన పసుపును ఎవరన్నా తప్పు పడతారా. రంపాన్ని అనుమానించినాం, ఇంజన్ను అనుమానించినాం, భూమిని కూడా అనుమానించినాం.

"తుడిచెయ్" అనె రహీం.

"నువ్వు తుడువు" అన్నా.

"నేను సాయిబును. ఆయమ్మ అమ్మవారికి రాసిన పసుపు నేను తుడిచినానని తెలిస్తే రేపు ఈ వీధిలో ఇంజను కాదు, నన్ను తిప్పుతారు."

"నేను కిరస్తానోన్ని. నేను తుడిస్తే బాగుంటాదా. బుద్ధిపూర్వకంగా చేసినాడంటారు."

ఇద్దరం పోయి సామి ముందర నిలబడినాం. సంగతి చెప్పినాం. సామి అంతా విని, అద్దాలు తీసి తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, "ఎవరు రాసినారు" అనె.

"అమ్మగారు."

"ఆమె రాసిన దాన్ని చెరపడం ఈ ఇంట్లో నాకు అలవాటు లేదప్పా" అనె. "మీరే పోయి చెప్పండి. నేను చెప్పమన్నానని మాత్రం చెప్పద్దండి."

ఆ మాపటేల ఆయమ్మ పురాణానికి పోయి ఉండె. శనివారం పొద్దన్నే పోయి పెరటి వాకిట్లో నిలబడినా. ఎట్లా మొదలుపెట్టాల్నో తెలీలా. నీ పూజే తప్పు అని ఎవురికన్నా చెప్పగలమా. పంచె అంచు నలుపుకుంటా, "అమ్మా, ఇంటి గడపకు శుక్రవారం పసుపు రాసేటప్పుడు పాతది కడుగుతారా" అని అడిగినా.

ఆయమ్మ చేతిలో గిన్నె కింద పెట్టె. "ఎవరు చెప్పినారు నీకు" అనె.

"ఎవురూ చెప్పలే అమ్మా. ఊరికే అడిగినా."

"కడగకుండా ఎట్లా రాస్తారు. పాచి గడపకు పసుపు రాస్తే ఇంటికి మంచిదా. ఆ మిషను గడపకు రాసేటప్పుడల్లా నాకు ప్రాణం పీకుతూనే ఉంది. ఈయన మొదటి రోజే చెప్పారు, నీళ్ళు తగిలిస్తే ఇనుము తుప్పు పడుతుంది, ఒక్క చుక్క పొయ్యొద్దు అని. దాంతో పాతదాని మీదే కొత్తది రాస్తున్నా. ఎవరితో చెప్పుకోను. ఇదిగో, ఇప్పుడు నువ్వొచ్చి అడుగుతున్నావు. ఊళ్ళో అందరూ అనుకుంటున్నారా?"

"ఊరు అనుకోలేదమ్మా. గైడు అనుకుంటాంది" అని, వంకర పట్టీల సంగతి, కొక్కెం సంగతి చెప్పినా. చెప్తా చెప్తా అన్నమ్మ సంగతి కూడా నోట్లోంచి వచ్చేసె. పులివెందులోళ్ళు రేపే వస్తారనీ, బల్ల రేపే పోవాలనీ.

"పెళ్ళి మాట ముందు చెప్పొద్దా" అనె ఆయమ్మ. "పసుపు పెళ్ళికి అడ్డం రావడం ఎక్కడైనా విన్నామా. పద."

మిషను కాడికి వచ్చి చూసె. వేలితో గుట్టను తాకె. మొకం అంతా ముడుచుకుపోయె. "ఏంతో కడుగుతారు దీన్ని" అని అడిగె.

"కిరసనాయిలు గుడ్డతో అమ్మా. తుప్పు పట్టదు."

"కిరసనాయిలా. చిన్నప్పుడు మీ అమ్మ నీకు కిరసనాయిలుతో తలంటు పోసిందా?"

"లేదమ్మా. ఆముదంతో."

"మరి" అని, ఆ మాట తన చెవిలో తనకే పడినట్టు ఆగె. "నూనె రాస్తే తుప్పు పడుతుందా?"

"పట్టదమ్మా. ఇంకా మేలు."

"అయితే తలంటు పోద్దాం. నువ్వుల నూనె పెట్టి నానబెడితే అంతా అదే ఊడొస్తుంది. శుభ్రంగా వచ్చే శుక్రవారం."

నేను మధ్యలో అందుకున్నా. "ఈ పొద్దు పోస్తే బాగుంటాది గదమ్మా."

"ఈ రోజు శనివారం దేవపాలూ. ఆడవాళ్ళకు శుక్రవారం, మంగళవారం. శనివారం మగవాళ్ళకు. అమ్మవారికి శనివారం నూనె పెట్టమంటావా, నీ పెళ్ళి కోసం?"

నా కంటికి పులివెందుల బస్సు కనపడతాండాది. అప్పుడు ఇంజను పక్క నుంచి రహీం, గుడ్డతో చేతులు తుడుచుకుంటా వచ్చె.

"అమ్మా, ఒక మాట. రంపం అమ్మవారే. దానికి ఎవురూ కాదనేది లేదు. తిరిగేది ఆయమ్మే, కోసేది ఆయమ్మే, అరిచేది ఆయమ్మే. పక్కన నోరు మూసుకొని ఒక్క తావునే నిలబడుకొని, జరగమంటే జరిగి, ఉండమంటే ఉండేది, అది ఎవరమ్మా?"

జానకమ్మగారు గైడు దిక్కు చూసె. రంపం దిక్కు చూసె. తర్వాత మెల్లగ తిరిగి పడక్కుర్చీ దిక్కు చూసె. ఆడ సామి మొకానికి అడ్డం పేపరు పెట్టుకోనుండాడు. పేపరు తలకిందులుగా ఉండాది.

"ఏమండీ. మీరేమంటారు?"

పేపరు ఎనకనుంచి సామి గొంతు వచ్చె. "నేననేదేముంది. గైడు మగవాడే. చూస్తూనే తెలుస్తోంది."

ఆయమ్మ నవ్విందో లేదో నాకు తెలీదు, కొంగు అడ్డం ఉండె. లోపలికి పోయి నూనె గిన్నె, టెంకాయ చిప్ప ముక్క, సామి పాత ఉత్తరీయం తెచ్చె. మమ్మల్ని ముట్టనియ్యలా. తానే కొక్కేలకు నూనె పోసి, ఇంటి పని చూసుకొని వచ్చి, చిప్ప ముక్కతో గీకె. పెచ్చులు పెచ్చులుగా లేచొచ్చె, మీద పచ్చగ, లోపల నల్లగ. ఒక్క పెచ్చు కింద పడనీకుండా పళ్ళెంలో ఎత్తుకొని, ఎవురూ తొక్కని తావున మొక్కల్లో వేసె. ఉత్తరీయంతో తుడిచేతలికి కింద ఇనుము తళతళ మనె. ఆ అంచును నేను మిషను వచ్చిన పొద్దు చూసిందే, మళ్ళీ ఇప్పుడు చూడటం.

"పసుపు ఎక్కడ రాయాలి నేనిప్పుడు" అని అడిగె. "అసలు లేకుండా ఉండకూడదు."

"నడినెత్తిన రాయండమ్మా. గైడు పైన. కట్టె తగలదు, కొక్కెం తగలదు. ఎంతన్నా రాసుకోండి."

నడినెత్తిన ఒక్క బొట్టు పెట్టి, "కానీ" అనె.

సమం చేసినా. సుద్ద గుర్తు పన్ను ముందర పెట్టి కొలిచినా, తిప్పి ఎనక కొలిచినా. ముందర పిడి బిగించినా, ఎనక పిడి బిగించినా. బిగించినాక మళ్ళీ కొలవాల్సిందే గదా. రహీం నా చేతిలో కొలబద్ద పెరుక్కొని తానే కొలిచె. ముందర కొలిచె, తిప్పి ఎనక కొలిచె. రెండూ సరిపోయినాయని తల ఊపి పోయి ఇంజను తిప్పె.

చెక్క తోస్తే నీళ్ళలో పడవ పోయినట్టు పోయె. కమురు లేదు, ఇరుకు లేదు. పట్టీ తెగి పడినాక ఈ కొస ఆ కొస పక్కపక్కన పెట్టి వేలితో తడిమితే తేడా తెలీలా. జానకమ్మగారు ఒక పట్టీ చేతిలోకి తీసుకొని, ఒక కన్ను మూసి కొస నుంచి చూసె, ముగ్గు గీత చూసినట్టు. "ఇది నా గీత మాదిరి ఉంది" అని కింద పెట్టె. దీపాలు పెట్టేలోగా బల్ల నిలబడె.

ఆదివారం మొదటి బస్సుకు జమ్మలమడుగు పోయినా. ఆనందయ్య ఆరాధన నుంచి వచ్చేతలికి బల్ల వసారాలో వేసి, పక్కన నిలబడినా. ఆయప్ప వచ్చి చూసె. పట్టీల సందుల్లో గోరు దూర్చి చూసె, దూరలా. గడ్డం గీసుకునే బ్లేడు తెప్పించి దూర్చె. అదీ దూరలా. అప్పుడు కూచునె. అటు జరిగె, ఇటు జరిగె. లేచి, ఎనక్కి తిరిగి తన పంచె చూసుకునె. పంచె మొత్తం పంచె కాడే ఉండాది.

"బాగనే ఉండాది" అనె. బాగాలేదని చెప్పినట్టే ఉండె ఆ గొంతు.

"అయితే మామా."

"అయితే ఏంది. వాళ్ళు బయల్దేరి వస్తాండారు. వచ్చేటోళ్ళను పొమ్మనేది మర్యాదా. వాళ్ళు చూసిపోనీ, ఆలోచన చేస్తా. నువ్వు వాళ్ళకు కనపడకుండా పెరట్లో కూచో."

అది అన్యాయం గదా అని నోటిదాకా వచ్చె. కాబోయే మామతో ఎవరన్నా వాదులాడతారా. పెరట్లోకి పోయినా. అన్నమ్మ వంటింట్లో, కిటికీకి అవతల; ఆ కిటికీలోంచి చూస్తే వసారా దాకా కనపడతాది. వాళ్ళమ్మ జ్ఞానమ్మ పొయ్యి కాడ. అన్నమ్మ ఒక్క తూరి నన్ను చూసి, పాలగిన్నె దించి, పక్కన పెట్టె. అంతే.

పులివెందులోళ్ళు వచ్చినారు. పిల్లోడు సన్నగ, తెల్లగ, మెడ దాకా గుండీలు పెట్టుకోనుండాడు. వాళ్ళ నాయన లావుగ ఉండాడు. ఇద్దరూ పోయి నా బల్ల మీదనే కూచున్నారు. పట్టీలు కిర్రుమంటాయేమో అని నేను కిటికీ కాడ చెవి పెట్టినా. అనలా.

పులివెందులాయన మాటకారి. కూచున్నప్పటి నుంచి పులివెందుల గొప్పే. మా ఊర్లో బడి ఇంత, మా ఊర్లో చర్చి గంట ఇంత, మోగిస్తే ఆవలి ఊర్లో లేస్తారు. ఆనందయ్య "ఊ, ఊ" అంటాండాడు. ఒక్కొక్క ఊకు గొంతు దిగిపోతాండాది. జమ్మలమడుగును ఎవరన్నా తక్కువ చేస్తే ఆయప్ప ఓర్చుకోలేడు, అది పుట్టుక నుంచి ఉండే జబ్బు.

"చర్చి బల్లలు మేము మద్రాసు నుంచి తెప్పించినాం" అనె పులివెందులాయన, బల్ల మీద అరచెయ్యి పెట్టి నిమురుతా. "మన జిల్లాలో యాడుండాడు చెప్పండి, ఇట్ల కోసేటోడు. ఇదీ మద్రాసుదే గదా. చెయ్యి పెడితే పలక మాదిరి ఉండాది. ఒక్క సందు లేదు. మద్రాసు పనే ఇది."

"మద్రాసుదేంది" అనె ఆనందయ్య.

"మరి?"

"మద్రాసోనికి రాదు ఇట్లాంటి పని. మా ఇంటి పని ఇది. మా అల్లుడు చేసినాడు."

వంటింట్లో గరిటె కింద పడె. 

పులివెందులాయన శానా నిదానంగా అడిగె. "మీకు అమ్మాయి ఒకతే అని చెప్పినారే."

"ఒకతే" అనె ఆనందయ్య. అప్పటికి తెలిసొచ్చె తాను ఏం మాట్లాడినాడో. "అంటే, అల్లుడంటే, సంఘంలో అందరూ మనకు..."

ఆయప్ప ఆ మాట ముగించలా. అన్నమ్మ కాఫీ లోటాలు పళ్ళెంలో పెట్టుకొని వసారాలోకి పోయి, వాళ్ళ ముందర పెట్టి, పెరటి దిక్కు తిరిగి, ఇంట్లో మనిషిని పిలిచినట్టు పిలిచె.

"ఏమయ్యా, ఆడ నిలబడుకున్నావేంది. మా నాయన నీ సంగతే చెప్తాండాడు. రా, కాఫీ చల్లారతాంది."

ఎట్లా పోయినానో నాకు తెలీదు. తలలో రంపప్పొట్టు ఇంకా ఉండె. ఆనందయ్య నన్ను చూసె, కూతుర్ని చూసె. లోపల్నుంచి జ్ఞానమ్మ, "ఇంగో లోటా తెస్తాండా, అల్లునికి" అనె, వీధిలోకి వినపడేటట్టు.

పులివెందులాయన నన్ను కింది నుంచి పైదాకా చూసె. నేను ఎనక్కి పరిగెత్తుదామనుకుంటాండా. ఆ పులివెందులాయనే కొంచెం పక్కకు జరిగి, బల్ల మీద నాకు చోటిచ్చె. "కూచో నాయనా. మా బడికి బల్లలు కావాల" అనె.

కూచున్నా. నా పక్కన పిల్లోడు. పాపం, వచ్చినప్పటి నుంచి ఆ పిల్లోడు ఒక్క మాట మాట్లాడలా. కాఫీ అంతా తాగి, లోటా కింద పెట్టి, "శానా బాగుండాది" అనె.

కాఫీని అన్నాడో, బల్లను అన్నాడో, మీ జేజిని అన్నాడో, నాకు ఇప్పటికీ తెలీదు.